మైనం పట్టించని పికప్

ఎలక్ట్రిక్ గిటార్ అనగానే చాలామందికి గుండెల్లో గుద్దే మోత గుర్తొస్తుంది. నాకు ఆ మోత పడదు. మీటితే మీటినంతే, కల్తీ లేకుండా స్పీకర్లోంచి రావాలి. దాన్నే క్లీన్ టోన్ అంటారు. అది బాగా రావాలంటే గిటార్ మెడ దగ్గర, తీగల కింద కూర్చునే పికప్ మంచిది పడాలి. పికప్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఇనుప తీగ కదిలితే కింద రాగితీగలో కరెంటు పుడుతుంది. పదో తరగతి పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే ఇది. నంద్యాలలో ఫిజిక్స్ టీచర్‌ని నేను. దయ్యాల మీద నమ్మకం లేదు, నమ్మేవాళ్ల మీద ఓపికా లేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

మా ఆయన పోయి ఏడాది కావొస్తోంది. సమాధి ఆళ్లగడ్డలో, జ్ఞాపకార్థ కూడిక కూడా అక్కడే, మా అత్త ఇంట్లో. ఆయన గిటార్ మీద ఆయనకిష్టమైన కీర్తన నేను వాయించాలని అత్త కోరిక. కోరిక అని మర్యాదకు అంటున్నాను.

"నువ్వు వాయిస్తేనే కూడిక. ల్యాకుంటే వద్దు," అనింది.

గిటార్ మాత్రం ఆళ్లగడ్డ ఇల్లు కదలకూడదు. ఆంప్లిఫయర్ కూడా. అందుకని శనివారం బడి అయ్యాక నేనే బస్సెక్కి పోయి సాధన చేసేదాన్ని. సన్నగా వాయించినంతసేపు బాగానే ఉండేది. కూడికకు సరిపడా శబ్దం పెంచితే కుయ్‌మని కూత మొదలయ్యేది. పికప్ మీద పెన్నుతో తడితే స్పీకర్లో ఎవరో తలుపు కొట్టినట్టు వినపడేది. ఆ చప్పుడును నంద్యాలలో ఆంప్లిఫయర్లు బాగుచేసే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడికి ఫోన్లో వినిపించాను. మా చర్చిలో డ్రమ్స్ వాయించేదీ అతనే.

"అక్కా, అది పికప్ కాదు, మైకు," అన్నాడు. "చుట్లు వదులుగా ఉన్నట్టుండాయి. గాలిలో శబ్దానికి గూడా తీగ వణుకుతాంది. అందుకే కూత. కొత్తది వేసుకో."

కొత్తదంటే ఏది? ఆ వారమంతా అతని షాపులో అదే పంచాయితీ. జంట చుట్ల పికప్ ఒకటి వినిపించాడు. దానికి గుయ్‌మనే రొద ఉండదు, కానీ నాలుగు తీగలు కలిపి మీటితే నాలుగూ సంగటి ముద్దయిపోతున్నాయి. గట్టి అయస్కాంతాలున్నది ఇంకొకటి వినిపించాడు. చెవిలో సూది గుచ్చినట్టుంది. మెడ దగ్గర పికప్‌కు చుట్లు మరీ ఎక్కువ ఉండకూడదు, అయస్కాంతం మరీ బలంగా ఉండకూడదు. లావు తీగల వైపు కాస్త కిందికి దించి బిగించుకోవాలి, అప్పుడే అడుగు స్వరం బురద కాకుండా ఉంటుంది. అన్నీ చూసి మూడోదాన్ని ఎంచుకున్నాను. కింది స్వరం గుండ్రంగా, పైది చిన్న గంటలాగా ఉంది.

"పాతది పారేయొద్దు," అన్నాడు ఆ తమ్ముడు. "కావాలంటే కరిగిన మైనంలో ముంచు. చుట్ల సందుల్లో గాలి పోయి మైనం నిండుతాది. ఇంక వణకదు. కూత పోతాది. దాని చెవులూ పోతాయి."

పాతది పారేసే ఉద్దేశం నాకూ లేదు. దాన్ని చుట్టింది మా ఆయన. సగం చుట్టింది మా అత్త అనాలి నిజానికి. ఆమె ఆ వీధి మొత్తానికి జాకెట్లు కుట్టిన మనిషి. మా పెళ్లయిన కొత్తలో ఆమె కుట్టుమిషన్ చక్రానికి ఈయన ఏదో తగిలించి, పికప్ తీగ చుట్టే ప్లాస్టిక్ డొక్కును దానికి బిగించాడు. ఆమె తొక్కుతుంటే ఈయన రాగితీగను వేళ్ల మధ్య పట్టుకొని చుట్టించాడు. తీగ తెగినప్పుడల్లా ఒకరినొకరు తిట్టుకున్నారు. వంటింట్లో ఉన్న నాకు ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలిసేది కాదు, ఇద్దరిదీ ఒకటే గొంతు. ఫోన్లో అయితే మరీ అన్యాయం. నేను "అత్తా" అంటే ఆయన నవ్వేవాడు, "ఏమండీ" అంటే ఆమె "వాడు ల్యాడు, బజారు పోయినాడు" అనేది. చుట్టడం అయ్యాక మైనం పట్టించమంటే ఆయన ఒప్పుకోలేదు. మైనం పోస్తే దానికి ఊపిరాడదన్నాడు. ఆ మాటకు అప్పుడు నేను కూడా నవ్వాను.

అత్త ఇల్లు శిల్పులుండే వీధిలో. చుట్టూ అందరూ రాతిని నమ్ముకున్నవాళ్లే, మధ్యలో మాది ఒక్కటే క్రైస్తవుల ఇల్లు. గుమ్మం దిగితే వినాయకులు, నందులు, పేరు చెప్పడానికి ఇంకా వీల్లేని మొండేలు. విగ్రహానికి కళ్లు ఆఖరున తెరుస్తారు. అందుకని వీధిలో ఉన్నన్నాళ్లూ అందరికీ ముఖాలుంటాయి గానీ చూపుండదు. అత్త కిటికీకి ఎదురుగా ఒక అమ్మవారు ఆ ఏడాదంతా అలాగే కూర్చొని ఉంది, ముక్కూ పెదవులూ తీరి, కళ్ల చోట నున్నటి రాయితో. చేయించుకునేవాళ్లకు ఏదో అడ్డమొచ్చి ఆగిపోయిందట. పగలంతా వీధిలో రాయి కోసే మిషన్లు తిరుగుతుంటాయి. ఆ మోటర్ల రొదంతా మా గిటార్ పికప్ పట్టుకొని స్పీకర్లో గుయ్‌మనేది. మధ్యాహ్నం పనివాళ్లు అన్నాలకు పోతే మిషన్లు ఆగుతాయి. అప్పుడు వీధి ఒక్కసారిగా చెవిటిదైనట్టు ఉంటుంది.

ఆ శనివారం బడికి సెలవు పెట్టి, కొత్త పికప్ సంచిలో వేసుకొని నేను పోయింది ఆ వేళకే. చాగలమర్రి బస్సు కిక్కిరిసి ఉంది, ఆళ్లగడ్డలో దిగేసరికి తల దిమ్మెక్కింది. ఎండ ఇంకా దిగలేదు. వీధిలో పురుగు లేదు. రాతిపిండి మీద నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది. కిటికీ దగ్గరికి వచ్చాను.

"తింటివా?" అన్నాడు మా ఆయన లోపలినుంచి.

ఆ మాట ఇంకోలా రాయలేను. ఆయన గొంతే. కొంచెం దూరంనుంచి, చర్చి గోడలకు తగిలి వచ్చినట్టు. భోజనం వేళకు బడికి ఫోన్ చేసి రోజూ అడిగే మాట, అదే ముక్తసరిగా. అమ్మవారి భుజం పట్టుకొని నిలబడ్డాను. రాయి కాలిపోతోంది, అయినా చెయ్యి తియ్యలేదు.

"తినలా," అని మా అత్త మెల్లగా అనింది.

"తినలా," అన్నాడు ఆయన.

"నువ్వూ తినల్యా? నువ్వు తినకుంటే నేనెట్ల తింటా నాయనా."

తర్వాత ఏదో సన్నగా గునిసిన చప్పుడు, అంతే. నేను తలుపు తోసుకొని పోయాను. గిటార్ కుర్చీలో ఆనించి ఉంది. ఆంప్‌లో ఎర్ర దీపం వెలుగుతోంది. అత్త నేలమీద కూర్చొని, గిటార్ మెడ దగ్గరికి మొహం పెట్టి ఉంది, పసిబిడ్డ చెవిలో చెప్పేవాళ్లు వంగినట్టు. పక్కన అన్నం తట్టలోంచి గోంగూర పప్పు వాసన. మూత కూడా తీయలేదు.

విషయం అర్థమవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆమె గుసగుసగా అడిగిన మాటనే వదులు చుట్లు పట్టుకున్నాయి. మెడ దగ్గర పికప్ కాబట్టి కీచుదనం పోయి గొంతు లావుగా వచ్చింది. ఆంప్‌లో రివర్బ్, అంటే శబ్దాన్ని గోడలకు తగిలినట్టు కాస్త వెనకగా మోగించేది, పెట్టి ఉంది కాబట్టి దూరంనుంచి వచ్చినట్టుంది. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. చెప్పగలను గానీ, ఆ మధ్యాహ్నం నా వీపు మీద చెమట చల్లగా అయింది, అది ఏ పాఠంలోనూ లేదు.

"ఎన్నాళ్లనుండి అత్తా?"

"ఏందీ?"

"ఈ మాటలు."

"ఎండకాలంనుండి," అనింది, బస్సుల గురించి చెప్తున్నట్టు. "మిషన్లు నిలబడితేనే వినపడతాది."

అప్పుడు ఆమెను సరిగ్గా చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆమె కుట్టుకున్న జాకెట్టే ఆమెకు వదులైంది. శనివారాలు వస్తూ పోతూ ఉన్నాను, వయసు మీద పడిందనుకున్నాను తప్ప, మధ్యాహ్నాలు తిండి మానేసిందని నాకు తట్టలేదు. అడిగిన ప్రశ్నకు తన జవాబే తిరిగి వస్తుంది, అది కొడుకు తినలేదని చెప్పినట్టు వినపడుతుంది, అందుకని ఈమె తినదు. ఇలాగే ఇంకో రెండు నెలలు పోతే కొడుకు పక్కనే ఈమెకూ చోటు చూడాలి. నాకు భయం వేసింది. దయ్యం భయం కాదు.

ఆమె చేతులు కడుక్కోడానికి దొడ్లోకి పోయింది. నేను గిటార్ ముందు కూర్చున్నాను. ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఆయన పాట ఎత్తుకునే ముందు తీసినట్టు, ముక్కుతో నిండుగా, చివర్లో చిన్నగా తెగినట్టు. నేను ఊపిరి బిగబట్టాను. అది వెంటనే ఆగలేదు. కొంచెం సాగి అప్పుడు ఆగింది. రివర్బ్ తోక అని నాకు తెలుసు. ఆయన దగ్గరే పాట నేర్చుకున్నాను కాబట్టి ఆయనలాగే ఊపిరి తీస్తానని కూడా తెలుసు. వెంటనే కట్టేయాల్సింది. కట్టెయ్యలేదు. ఇంకోసారి ఊపిరి తీశాను, వినడానికే. తర్వాత ఇంకోసారి. అత్త అడుగుల చప్పుడు విని స్విచ్ నొక్కాను.

ఆ పూటే పాత పికప్ ఊడదీసి కొత్తది అతికించాను. ఆమె అడ్డు చెప్పలేదు, కూడిక కోసం కదా అని ఊరుకుంది. శబ్దం పెంచి కీర్తన వాయించాను. కూత లేదు. ప్రతి స్వరం కడిగి బోర్లించిన గిన్నెలా శుభ్రంగా ఉంది. నాకు గర్వమేసింది కూడా.

"ఎట్లుంది అత్తా?"

"బాగుంది," అనింది. స్పీకరు వైపు చూసి, "ఎవరిదిది?" అని అడిగింది.

రోగం కుదిరిందనుకొని నంద్యాలకు వచ్చేశాను. మరుసటి శనివారం మళ్లీ ఆ వేళకే పోయేసరికి తట్ట అలాగే ఉంది, మూత అలాగే ఉంది. గిటార్ మూలన పడి ఉంది. అత్త కిటికీ పక్కన కూర్చొని, ఊడదీసిన పాత పికప్‌ను ఫోనులాగా చెవికి ఆనించుకొని ఉంది. దాని వైర్లు రెండూ ఆమె చెంప మీద వేలాడుతున్నాయి. ఎదురుగా కళ్లు లేని అమ్మవారు. ఎవరు ఎవర్ని చూస్తున్నారో చెప్పలేని కూర్చోడం అది.

నాకు కోపం వచ్చింది. నా కోపానికి ముందూ వెనకా ఉండదు.

"అది నీ గొంతే అత్తా! ఆయన కాదు. నువ్వు తినలా అంటే అదీ తినలా అంటుంది. నువ్వు తిన్నానను, అదీ తిన్నానంటుంది."

ఆమె పికప్‌ను చెవి దగ్గరనుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు తెలీదనుకుంటివా పాపా? మిషన్ తొక్కినదాన్ని నేను. అది నా గొంతేనని మొదటి దినమే తెలిసె. తెలిస్తే ఆకలైతాదా?"

నేను ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

"నువ్వు చూసినావు వాన్ని. ఒకరినే పంపిస్తామన్న్యారు, నువ్వు పోతివి. నేను బయట బెంచీ మీద కూచోని ఉంటి. ఎవరో వచ్చి అయిపాయ అన్న్యారు. ఏం అయిపాయ? పొద్దున ఊపిరి తీసుకుంటాన్న్యాడు గదా. ఊపిరి ఆగింది నేను చూడకపోతే నాకెట్ల తెలుస్తాది అయిపాయిందని?"

కర్నూలు ఆసుపత్రిలో ఐసీయూ లోపలికి ఆ పొద్దున నేనే పోయాను, అది నిజం. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది, అదీ నిజం. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ, ఇంకొకటి వస్తుందని చూస్తుంటే రాలేదు. అది ఎవరికీ చెప్పలేదు నేను. ఆ మధ్యాహ్నం ఆమెకు చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. వీధిలో మిషన్లు మళ్లీ మొదలయ్యాయి.

చాలాసేపటికి ఆమె పికప్ ఎత్తి చూపించింది. "దీన్ని బాగు చేసేదానికే వీలు ల్యాదా?"

"మైనంలో ముంచొచ్చు. అప్పుడు కూత పోతుంది, కూడికలో వాయించొచ్చు." అంతటితో ఆపితే బాగుండు, కానీ ఈమెతో ఇక దాపరికం వద్దనిపించింది. "ముంచితే మాట వినపడదు అత్తా. ఇంక ఎప్పటికీ వినపడదు. మైనం వెనక్కి రాదు."

ఆమె పికప్‌ను కొంగులో చుట్టుకొని లోపలికి పోయింది.

సమాధుల పండగ ఆ వారమే వచ్చింది. సున్నం వేసిన సమాధి మీద బంతిపూలు పరిచి, చుట్టూ కొవ్వొత్తులు పెట్టాం. పొద్దుగూకేసరికి సమాధుల తోటంతా దీపాలు. పక్క సమాధుల దగ్గర పిల్లలు అరుచుకుంటూ కరిగిన మైనాన్ని ఉండలు చేస్తున్నారు. అత్త ఏ ప్రార్థనా పైకి చెప్పలేదు. మరునాడు నేను నిద్ర లేచేసరికి ఇంట్లో లేదు. చీర అంచు నిండా మన్ను పట్టించుకొని, చేతిలో కవరుతో వచ్చింది. కవర్లో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, సమాధి మీదినుంచి గీరిన మైనం పెచ్చులు.

"అంగడిది వద్దు," అనింది. "వానికి వెలిగించిందే వెయ్యి."

అప్పటికప్పుడే పొయ్యి వెలిగించాను. నీళ్లగిన్నెలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, మైనం ముక్కలు అందులో వేశాను. వత్తులు, పూరేకులు, ఒకటి రెండు చీమలు తేలితే గరిటెతో తీసేశాను. మంట ఎక్కువైతే డొక్కు వంకరపోతుంది, తక్కువైతే మైనం లోపలికి దిగదు. అది చూసుకోవడంలో నాకు ఆలోచించే తీరిక లేకపోయింది, అదీ మంచికే. అత్త ముక్కాలిపీట తెచ్చుకొని పొయ్యి పక్కన కూర్చుంది.

"నేనే వేస్తా," అనింది. వైర్లు పట్టుకొని పికప్‌ను మెల్లగా దించింది.

దించిన వెంటనే బుడగలు లేచాయి. చుట్ల మధ్య ఇన్నేళ్లూ ఉన్న గాలి, వాళ్లిద్దరూ కుట్టుమిషన్ దగ్గర తిట్టుకుంటూ చుట్టిన రోజు గాలి, సన్నటి పూసల దండల్లా పైకి వస్తోంది. తొందర తొందరగా వచ్చాయి మొదట. తర్వాత ఒకటొకటిగా.

"ఇదేనా?" అని అడిగింది.

"ఇదే అత్తా."

వంటింట్లో ఇంకే చప్పుడూ లేదు. మిషన్లు ఆగే వేళైంది, ఆగాయి. ఒక బుడగ వచ్చింది. కాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకొని నేను గరిటె అందుకోబోతే ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. ఇంకొకటి వచ్చింది, చిన్నది. మళ్లీ ఎడం. ఈ ఎడాలు నాకు తెలుసు. మరొకటి వచ్చి గిన్నె అంచుకు పోయి, అక్కడే కొంతసేపు నిలబడి, పగిలింది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. ఇంక రాలేదు. నీళ్లు ఒక పక్క మరుగుతున్నాయి గానీ మైనం కదలకుండా అద్దంలా ఉంది.

"అయిపాయ," అనింది అత్త.

అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా రాని ఏడుపు. వైర్లు వదలకుండానే ఏడ్చింది. నేను పొయ్యి ఆర్పి, పికప్‌ను పైకి తీసి, చల్లారాక గుడ్డతో తుడిచి కిటికీలో ఆరబెట్టాను. కూడిక నాడు గిటార్‌లో వాయించింది దాన్నే. కూత లేదు. కొత్తది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ మధ్యాహ్నం ఆరబెట్టి, కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎదుటి అమ్మవారిని ఎవరో తాళ్లు కట్టి బండి ఎక్కించుకొని పోయినట్టున్నారు, ఆమె కూర్చున్న చోట రాతిపిండి లేని చతురస్రం ఒకటే మిగిలింది. ఆమెకు కళ్లు తెరిచారో లేదో నేను చూడలేదు.

"తింటివా?" అన్నాడు మా ఆయన నా వెనకనుంచి.

తిరిగి చూశాను. ఆంప్ దీపం ఆరిపోయి ఉంది, వైరు చుట్టి మూలన ఉంది. అత్త వంటింటి గడపలో నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నన్నే చూస్తోంది.

"తినలా," అన్నాను.

ఆమె లోపలికి పోయి రెండు తట్టలు తెచ్చింది.